మల్లవ్వకు ఏమీ తగ్గలేదు

నేను చీరలు అమ్ముకునే మనిషిని. పాలకొల్లు మెయిన్ రోడ్డు మీద మాకో చిన్న కొట్టు ఉంది. ఇన్నేళ్ళలో నేను చేసిన ప్రయాణాలు రెండే రకాలు. ఒకటి సరుకు కోసం, రెండోది పెళ్ళిళ్ళ కోసం. సరుకూ లేకుండా పెళ్ళీ లేకుండా రైలెక్కడం ఇదే మొదటిసారి. ఏ కాశ్మీరుకో వెళ్ళాననుకునేరు, హైదరాబాద్‌కి ఉత్తరంగా ఉన్న శామీర్‌పేట వైపు వెళ్ళాను. మా వీధిలో వాళ్ళకు చెబితే "అక్కడ చూడ్డానికేముంది?" అన్నారు. చాలా ఉంది. అక్కడ మాట్లాడ్డానికే కొంచెం జాగ్రత్త కావాలి. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా చెల్లెలు శారద డాక్టరు. శామీర్‌పేట పక్కన అలియాబాద్‌లో ఒక చిన్న ట్రస్టు దవాఖానాలో చేరి ఏడాది కావస్తోంది. ఒకరోజు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, "అక్కా, నా వైద్యం ఇక్కడ ఎవరికీ పనిచేయట్లేదు. ఒక్కరంటే ఒక్కరు తగ్గిందని చెప్పరు. మల్లవ్వ అని ఒక పెద్దావిడ ఉంది, అరికాళ్ళు మంటలు. మాత్ర పెంచుతూనే ఉన్నాను, ఆవిడ తగ్గలేదంటూనే ఉంది. నాకు చేతకావట్లేదు, మానేసి వచ్చేస్తాను," అంది.

చిన్నప్పుడు లెక్కల్లో ఒక్క మార్కు తగ్గితేనే అన్నం మానేసిన పిల్ల అది. ఊరు ఊరంతా తగ్గలేదంటుంటే ఏమైపోతుందోనని నాకు బెంగ పట్టుకుంది. కొట్టు మా ఆయనకు అప్పజెప్పి బయల్దేరాను. ఆయన పట్టుచీర మడత పెట్టే తీరు తలుచుకుని రైల్లో కంటి మీద కునుకు పడలేదు.

పొరపాటున మేడ్చల్ బస్సు

సికింద్రాబాద్‌లో దిగి శామీర్‌పేట మీదుగా వెళ్ళే కరీంనగర్ బస్సెక్కమని శారద చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను మేడ్చల్ బస్సెక్కాను. ఎందుకంటే అందులో కిటికీ సీటు ఖాళీగా ఉంది.

పక్కన ఒకావిడ ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గంప అడుగున రెండు సీతాఫలం ఆకులు. పొద్దున్నే పళ్ళు తెచ్చి అమ్ముకుని ఇంటికి వెళ్తోందని ఎవరికైనా తెలుస్తుంది. నేనూ వ్యాపారం చేసేదాన్నే కాబట్టి, "బేరాలు బాగా అయ్యాయా?" అని పలకరించాను.

"ఏమైతయక్కా. ఒక్క పండు గూడ పోలే," అంది.

నేను గంపలోకి చూశాను. ఆవిడా చూసింది. ఇద్దరం కాసేపు ఆకుల్ని చూశాం. అమ్ముడుపోని పళ్ళు ఏమైనట్టు? కడుపు మండి రోడ్డు పక్కన పారబోసి ఉంటుందని నాకు నేనే అనుకుని, జాలేసి, నా సంచిలో ఉన్న జంతికల్లో సగం ఆవిడ చేతిలో పోశాను. ఆవిడ అన్నీ తిని, కారం తక్కువైందని చెప్పి కొంపల్లిలో దిగిపోయింది.

కండ్లకోయ దగ్గర చాయ్

కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కడంతో మా బస్సు ఆగిపోయింది. ఇది ఇప్పట్లో కదలదని డ్రైవరే దిగి చాయ్ తాగడానికి వెళ్తే అతని వెనకాల నేనూ దిగాను. బండి చుట్టూ వీపుకి సంచులు తగిలించుకున్న విద్యార్థులు గుంపులుగా ఉన్నారు. చాయ్ పోసే అతనికి చిల్లర ఇవ్వడానికి చెయ్యి ఖాళీ లేదు, నోటితో నోటు పట్టుకుని రెండు చేతులా పోస్తున్నాడు. కప్పు మా ఊరి కప్పులో సగం ఉంటుంది, రేటు మాత్రం అంతే. కానీ చిక్కగా ఉంది, మళ్ళీ ఇంకోటి తాగాను.

"మీ బండి బాగా నడుస్తోందండీ!" అన్నాను మెచ్చుకోలుగా.

అతను నోట్లో నోటు తీసి జేబులో పెట్టుకుని, "యాడ నడుస్తది మేడం. గిరాకే లేదు. ఇగ బంద్ జేద్దామనుకుంటున్న," అన్నాడు. అని ఇంకో పాలప్యాకెట్టు కోశాడు.

మేడ్చల్‌లో దిగి, కాల్చిన మక్క కంకి ఒకటి కొనుక్కుని, షేర్ ఆటోలో అలియాబాద్ చేరాను. మా వైపు కంకి మీద నిమ్మకాయ రాస్తే ఉప్పే వేస్తారు. ఇక్కడ కారం కూడా కుమ్మేస్తారు. దారంతా ముక్కు చీదుకుంటూనే వెళ్ళాను.

అలియాబాద్, రెడ్డిగారి మేడ

శారద అద్దెకుండేది రెడ్డిగారి ఇంట్లో, మొదటి అంతస్తు. రెడ్డిగారికి ఒకప్పుడు పొలాలుండేవి, ఇప్పుడు ప్లాట్లున్నాయి. వాకిట్లో రెండు కార్లు నిలబడి ఉన్నాయి. ఇంటి మీద మూడో అంతస్తు లేస్తోంది. ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చి, "డాక్టరమ్మ వాళ్ళ అక్కనా? రాండ్రి రాండ్రి," అని లోపలికి పిలిచారు. ఆయన భార్య జొన్నరొట్టెలూ కోడికూరా పెట్టింది. ఆ కూర గురించి ఒక పేజీ రాయగలను, కానీ మీకు ఆకలేస్తుంది. మా గోదావరి వైపు పులుసుల్లో బెల్లం ముక్క వేస్తామని చెబితే ఆవిడ నా నుదురు పట్టి చూడబోయి ఆగింది.

"వ్యాపారాలు బావున్నాయాండీ?" అని రెడ్డిగారిని మర్యాదకి అడిగాను.

"ఏమున్నదమ్మా. మొత్తం పండుకున్నది. మస్తు లాసు. పరేషాన్ల ఉన్న," అన్నారు ఆయన. పైనుంచి ఇసుక రాలుతోంది.

ఎంత కష్టంలో ఉండీ నాకు కోడికూర పెట్టారో! శారద కోసం తెచ్చిన పూతరేకుల పెట్టె మొత్తం ఆయన చేతిలో పెట్టేశాను. సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేసి, "ఈ ప్రాంతం పరిస్థితి ఏమీ బాగోలేదండీ, పాపం ఎవరికీ గడవట్లేదు," అని చెప్పాను. ఆయన కూడా చాలా బాధపడి, అంచు చీరల్నీ జరీ చీరల్నీ కలిపేసినట్టు అప్పుడు చెప్పారు.

దవాఖానా వరండా

మర్నాడు శారదతో పాటు దవాఖానాకి వెళ్ళి ఓ మూల కుర్చీలో కూర్చున్నాను. లోపల ఒక గది ఉంది కానీ చూడ్డమంతా బయటే. వరండాలో బల్ల, బల్ల వెనక శారద, బల్ల ముందు రోగి, రోగి వెనక క్యూ. క్యూలో అందరూ ముందున్నవాళ్ళ జబ్బుని శ్రద్ధగా వింటారు.

మా శారద మాట తీరు అచ్చం మా అమ్మది. పాలవాణ్ణి కూడా అండీ అంటుంది. "చెప్పండి, ఎలా ఉన్నారండీ?" అని అడిగితే, గొర్రెల కాపరి ఒకాయన వెనక్కి తిరిగి తన వెనక ఏ పెద్దమనిషి వచ్చాడోనని చూశాడు. ఎవరూ లేరని తేలాక, "నన్నేనా?" అన్నాడు. ఆయన చేతి పుండు మానిపోయి కొత్త చర్మం వచ్చింది. ఆ చేత్తోనే తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"తగ్గిందాండీ?"

"ఏం తక్కువ కాలే."

శారద నా వైపు చూసింది. చూశావా అన్నట్టుగా. మందు రాసిచ్చి, "వారం తర్వాత మళ్ళీ రండి," అంది. ఆయన మొహం ముడుచుకుని, "దవాఖానకు మల్ల రమ్మంటదేంది!" అని క్యూతో ఫిర్యాదు చేసి వెళ్ళాడు. నా కొట్లో మళ్ళీ రండి అనడం మర్యాద. అదే మాట ఇక్కడ శాపనార్థంలా వినపడుతుందని మా ఇద్దరికీ తోచలేదు.

అలా ఒకరి తర్వాత ఒకరు ఏమీ తగ్గలేదన్నారు. దగ్గు తగ్గలేదన్న మనిషి అరగంటలో ఒక్కసారి దగ్గితే ఒట్టు. చివరికి మల్లవ్వ వచ్చింది. కోడలు రేణుక మెట్ల దాకా చెయ్యి పట్టుకుని తెచ్చి, చెప్పుల దగ్గర ఆగిపోయింది. వాళ్ళది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. మల్లవ్వకి చాలా ఏళ్ళుగా షుగరు, దాంతో అరికాళ్ళు మంటలు. మొదట్లో వచ్చినప్పుడు ఆవిడ గొంతు రోడ్డు దాకా వినపడేదట. ఇప్పుడు కుర్చీలో ఒక పక్కకి ఒరిగి, కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. జబ్బుతో కుంగిపోతోందని శారద బెంగ.

"మంటలు ఏమైనా తగ్గాయాండీ?"

మల్లవ్వ బలవంతాన కళ్ళు తెరిచి క్యూ వైపు ఒకసారి చూసి, "ఏడ తక్కువైతయ్ బిడ్డా. నిప్పుల మీద నిలవడ్డట్టే ఉన్నది," అంది.

శారద నిట్టూర్చింది. "ఇంత మందుకీ తగ్గలేదంటే ఇక నా వల్ల కాదండీ. సోమవారం సిటీలో పెద్దాసుపత్రికి పంపిస్తాను. నరాల పరీక్షలు చేస్తారు. అందాకా మాత్ర ఇలాగే వేసుకోండి."

ఆ మాటతో ఆవిడ నిద్ర కాస్త వదిలింది. "నన్ను పట్నం తోలకు బిడ్డా. ఆడ పడేస్తే నేను మల్ల చెరువు సూడ. నీ కాల్మొక్త," అంది. శారద ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆ మాటల బరువు దింపుకుందామనే కాబోలు, క్యూలో ఒక నాయనమ్మ ఎత్తుకున్న పసివాణ్ణి చూసి, "అబ్బ, ఎంత ముద్దుగా, ఎంత బొద్దుగా ఉన్నాడో!" అని బుగ్గ గిల్లాను.

క్యూ అంతా నా వైపు తిరిగింది. నాయనమ్మ పిల్లాణ్ణి కొంగు కిందికి లాక్కుని నా వైపు చూసుకుంటూ మూడుసార్లు ఉమ్మింది. "ఏం బొద్దు! బొక్కలు దేలిండు!" అంది. బొక్కలంటే ఎముకలు. ఆ పిల్లాడి ఎముక దొరకాలంటే తవ్వకాలు జరపాలి.

నా కాలి కింద మట్టి

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే మెట్ల కింద ఆ నాయనమ్మ, కోడలు, పిల్లాడు, వాళ్ళ వెనక చూడ్డానికి వచ్చిన నలుగురు. పిల్లాడు నిన్నటి నుంచి పాలు తాగట్లేదట. ముక్కు కారుతోంది.

శారద స్టెతస్కోపు తీసుకుని దిగింది. "డాక్టరమ్మ తర్వాత సూస్తది," అని నాయనమ్మ ఆమెను దాటి నా దగ్గరకు వచ్చింది. "అక్కా, ఏమనుకోకు. జరంత నీ కాలు లేపు."

"ఎందుకూ?"

"నీ కాలి కింది మట్టి గావాలె. దిష్టి తీస్త."

మా వైపు దిష్టి లేదని కాదు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం, పిల్లలకి ఉప్పూ మిరపకాయలూ తిప్పుతాం. కానీ దిష్టి పెట్టిన మనిషి దగ్గరకే వెళ్ళి కాలెత్తమని అడిగే ధైర్యం మాకు లేదు. మేం వెనక చెప్పుకుంటాం. నేను వాకిట్లో నిలబడి, రెడ్డిగారి కారు పట్టుకుని, ఒంటికాలి మీద తపస్సు చేశాను. సిమెంటు వాకిలి కావడంతో ఎంత గీకినా మట్టి రాలేదు. చివరికి పైనుంచి రాలిన ఇసుక మీద నన్ను నడిపించి, అది ఎత్తుకున్నారు. ఆ తర్వాత శారద పిల్లాణ్ణి చూసి, జలుబేనని చుక్కల మందు ఇచ్చింది. వాళ్ళు ఇసుకనీ మందునీ ఒకే కొంగులో ముడివేసుకుని వెళ్ళిపోయారు.

దుండిగల్‌లో విమానాలు

ఆ రోజు శారదకి దుండిగల్‌లో ఒక కొత్త కాలనీ హాల్లో క్యాంపు. అక్కడ విమానాలు నడపడం నేర్పుతారు. నేర్చుకునే కుర్రాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టి మన నెత్తి మీదే తిప్పుతారు. శారద ఒక పెద్దాయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, "ఊపిరి బిగపట్టండి," అంది. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఏమీ వినపడక, ఆగమని ఆయనకి వేలు చూపించింది. ఆ వేలు చూసి బెంచీ మీద కూర్చున్న మిగతావాళ్ళు కూడా ఊపిరి బిగపట్టారు. ఒక విమానం వెళ్తే ఇంకొకటి. బెంచీ బెంచీ అంతా ఎర్రబడిపోయింది. "మేడం, ఇడవాల్నా ఒద్దా?" అని పెద్దాయన ఎగశ్వాసతో అడిగేదాకా ఆమెకి గుర్తు రాలేదు.

అక్కడా అదే వరస. తగ్గిందా అంటే తగ్గలేదు. తిరిగొచ్చేటప్పుడు శారద స్కూటీ వెనక ఎక్కాను. నేను నడుము పట్టుకుని కూర్చున్నాను కాబట్టి ఆమె ఏడుస్తోందని తెలిసింది.

అలియాబాద్‌లో దిగేసరికి ఆ నాయనమ్మ ఇంటి అరుగు మీద పిల్లాడు ఆడుతున్నాడు. ముక్కు పొడిగా ఉంది. గిన్నె బోర్లించి వాయిస్తున్నాడు. శారద వంగితే ఆమె జడ పట్టుకుని లాగి, కళ్ళజోడు పీకి నోట్లో పెట్టుకున్నాడు.

"తగ్గిపోయినట్టుందే!" అన్నాను.

"ఏం తక్కువ కాలే," అంది నాయనమ్మ, పిల్లాడి నోట్లోంచి కళ్ళజోడు లాగుతూ.

"మరి ఇంత హుషారుగా ఉన్నాడు?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఏందక్కా నువ్వు, సదువుకున్నదానివి. మంచిగైందని నోటితోని అంటె మల్ల దిష్టి తగలదా? గంత మంది ముంగట డాక్టరమ్మ అడుగుతది. ఎవలన్న జెప్తరా?"

నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. సీతాఫలాలావిడ, చాయ్ బండి, రెడ్డిగారు ఒక్కొక్కరే కళ్ళ ముందు తిరిగారు. ముఖ్యంగా రెడ్డిగారు, నా పూతరేకులతో సహా.

ఇంతకీ ఇది నాకు తెలియని విద్య కాదు. నా కొట్లో "అబ్బ, ఎంత బావుందో" అన్న ఆవిడ చీర కొనదు. "అంచేంటి ఇలా ఏడిచింది, రంగు దిగిపోదూ?" అని వంకలు పెట్టే ఆవిడే కొంటుంది. నేనెప్పుడూ మాట వినను, చెయ్యి చూస్తాను. చీర వదల్లేదంటే బేరం అయినట్టే. ఆ మాటే శారదకి చెప్పాను. "వీళ్ళని తగ్గిందా అని అడగకే. ఏం పనులు చేసుకుంటున్నారో అడుగు."

శారద వినడం లేదు. "అక్కా, మల్లవ్వకి కూడా ఎప్పుడో తగ్గి ఉంటే? ఆవిడ మాట నమ్మి నేను మాత్ర పెంచుకుంటూ పోయాను. ఆ మాత్ర ఎక్కువైతే మత్తుగా ఉంటుంది, నడక తూలుతుంది. ఆవిడ కుంగిపోతోందనుకున్నాను కానీ..." అని ఆగిపోయింది.

శామీర్‌పేట చెరువు కట్ట

తెల్లవారగానే వెళ్ళాం. శామీర్‌పేట చెరువు చాలా పెద్దది, చూస్తే కళ్ళు చల్లబడతాయి. ఆదివారాలు సిటీ జనం వచ్చి కట్ట మీద ఫోటోలు దిగుతారు. ఆ రోజు మామూలు రోజు కాబట్టి కొంగలూ మేమూ ఉన్నాం. మల్లవ్వ ఇంటి ముందు రేణుక కత్తిపీట వేసుకుని పాట పాడుకుంటూ చేపలు కోస్తోంది.

"మీ అత్తగారు ఎలా ఉన్నారమ్మా?" అని శారద అడిగింది.

రేణుక మొహం వెలిగిపోయింది. సంతోషంలో దిష్టి మాట కూడా మరిచిపోయినట్టుంది. "మస్తు మారింది మేడం! ఎన్కట చేపలు కడిగితె తిట్టు, కడగకపోతె తిట్టు. ఇప్పుడు ఒక్క మాట అంటలేదు. తింటది, పంటది. మీ గోళీలు బంగారం లెక్క పనిచేస్తున్నయ్. ఇంకింత పెంచుండ్రి."

శారద గబగబా లోపలికి నడిచింది. మల్లవ్వ మంచం మీద దుప్పటి కప్పుకుని ఉంది. మమ్మల్ని చూసి మత్తుగా నవ్వింది.

"అవ్వా, ఎట్లున్నవ్?" అంది శారద. అండీ లేకుండా మా చెల్లెలు మాట్లాడగా వినడం నాకు అదే మొదలు.

"మంచిగున్న బిడ్డా. అందరు మంచిగనే ఉన్నరు. నా కోడలు బంగారం."

బయట కత్తిపీట ధడేల్మంది. రేణుక చేపల చేతుల్తోనే లోపలికి పరిగెత్తుకొచ్చింది. "నన్ను బంగారమన్నదా? మా అత్తనా? అయ్యో మేడం, ఏమైంది మా అత్తకు!" అని గొల్లుమంది. పెళ్ళయ్యాక అంత మంచి మాట వినలేదట ఆ పిల్ల. మత్తులో ఉన్న అత్త నోటి వెంట అది విన్నాక గాని భయం పుట్టలేదు.

కోడలి ఏడుపుకి మల్లవ్వ లేవబోయింది. రెండడుగులు వేసి పక్కకి తూలింది. నేను పట్టుకోబోయాను. పట్టుకున్నాను కూడా, కానీ ఇద్దరం కలిసి గుమ్మం పక్కనున్న చేపల గంపలో కూర్చున్నాం. ఆవిడ నా ఒళ్ళో, నేను చేపల్లో. ఆవిడకి చిన్న గీత కూడా పడలేదు. నేను కట్టుకున్నది మా కొట్లోదే, నలిగినా చిరగని రకం. చేపల వాసన కూడా అంతే గట్టిగా పట్టుకుంటుందని ఆరోజే తెలిసింది.

శారద ఆవిడని మంచం మీద పడుకోబెట్టి, షుగరూ బీపీ చూసింది. రెండూ సరిగానే ఉన్నాయి. తర్వాత అలవాటుగా, "మంటలు తగ్...," అనబోయింది. నేను మోచేత్తో పొడిచి, రేణుక వైపు తిరిగాను.

"రేణుకా, రాత్రిళ్ళు అవ్వ కాళ్ళకి ఏం చేసుకుంటుంది?"

"ఎన్కట తడిసిన గోనె సుట్టుకొని పంటుండె అక్కా. నిద్ర పట్టకపోతె పోయి చెరువుల కాళ్ళు వెట్టుకొని కూసుంటుండె. బతుకమ్మ పండుగ కాన్నుంచి గవేం లేవు. సల్లగైతున్నయని దుప్పటి గూడ కప్పమంటది."

శారద నేల మీద చతికిలబడింది. బతుకమ్మ పండుగ వెళ్ళి అప్పటికే చాలా రోజులైంది. మంటలు ఎప్పుడో చల్లారాయి. ఆ తర్వాత పెంచిన మందంతా ఆవిణ్ణి నిద్రపుచ్చడానికే పనికొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఏ మెట్ల మీదో పడి తుంటి విరిగేది.

"అవ్వా, తగ్గిందని నాకెందుకు చెప్పలేదు?" అంది శారద, కోపమూ ఏడుపూ కలిసిన గొంతుతో.

మల్లవ్వ మత్తులోనే ఆమె బుగ్గ నిమిరింది. "అంత మందిల ఎట్ల జెప్త బిడ్డా. నువ్వు ఒక్కదానివి అడిగినవా ఎన్నడన్న?"

శారద లేచి రేణుక వైపు తిరిగింది. మందు ఒకేసారి మానకూడదనీ, మెల్లమెల్లగా తగ్గించాలనీ, అందాకా అవ్వని ఒంటరిగా నడవనీయొద్దనీ రేణుకకి చెప్పింది. సోమవారం పట్నం ప్రయాణం లేదంది. "కానీ రేణుకా, మత్తు దిగాక ఆవిడ మళ్ళీ తిడుతుంది మరి," అంది.

రేణుక కళ్ళు తుడుచుకుంది. "తిట్టనీయుండ్రి మేడం. తిట్లకు నేనేం సావ."

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే చేపల పులుసు తిన్నాం. మా వైపు గోదావరి చేప తప్ప చెరువు చేపని చేపగా లెక్కచేయం. ఇక ఆ మాట నేననను. బావుందని చెప్పబోయి నాలుక కరుచుకుని, "పులుపు కొంచెం ఎక్కువైంది," అన్నాను. రేణుక ఎంతో సంతోషించి ఇంకో ముక్క వేసింది.

మళ్ళీ అలియాబాద్

నాలుగు రోజులకని వెళ్ళినదాన్ని మల్లవ్వ మత్తు దిగేదాకా ఉండిపోయాను. కొట్లో అప్పటికే కలపడానికి ఇంక చీరలు మిగల్లేదని మా ఆయన చెప్పారు కాబట్టి తొందరేమీ లేదు. ఈలోగా శారద వరండాలో బల్లని లోపలి గదిలోకి మార్పించింది. గుమ్మానికి నా పాత చీర ఒకటి తెరలా కట్టాం. ఒక్కొక్కరినే లోపలికి పిలవడం మొదలుపెట్టింది. మొదటి రోజు క్యూలో వాళ్ళకి చాలా అన్యాయం జరిగినట్టు అనిపించింది. ఒకాయన తెర కింద నుంచి తల దూర్చి, "ఏమైందట?" అని కూడా అడిగాడు.

నేను తిరుగు ప్రయాణమయ్యే రోజు పొద్దున మల్లవ్వ వచ్చింది. రాకముందే గొంతు వచ్చింది. ఆటో అతన్ని రోడ్డు గుంటలకి తిట్టింది. రేణుకని ఆటో ఎక్కించినందుకు తిట్టింది. క్యూలో ముందుకి జరిగిన గొర్రెల కాపరిని అతని మూడు తరాలతో కలిపి తిట్టింది. రేణుక వెనకాలే సంచి పట్టుకుని, తిట్లన్నీ పడుతూ, అందరి వైపూ చూసి నవ్వుతోంది. అవ్వ అడుగులు తూలడం లేదు. చెప్పులు విడిచి, చలువరాతి మీద కాళ్ళు చక్కగా ఆనించి నడిచింది.

తెర తీసుకుని లోపలికి వచ్చి, మూల కుర్చీలో నన్ను చూసి ఆగింది. "గీమె ఎందుకీడ? గీమె సూపు మంచిది గాదంట. బయటికి పొమ్మను."

నా కీర్తి శామీర్‌పేట దాకా పాకిందన్న మాట. లేచి బయటికొచ్చి క్యూలో నిలబడ్డాను. తెర వెనక శారద గొంతు వినపడింది. "అవ్వా, పొద్దుగాల నుంచి ఎంత మందిని తిట్టినవ్?" మల్లవ్వ లెక్క చెబుతున్నట్టుంది, శారద పకపకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. క్యూ అంతా చెవులు రిక్కించింది. నేనూ రిక్కించాను. ఒక్క ముక్క వినపడలేదు.

శారద తెర తీసి బయటికొచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. వరండాలో అందరి వైపూ చూసి, గొంతెత్తి, "మల్లవ్వకు ఏం తక్కువ కాలే!" అంది.

"అయ్యో, పాపం," అంది క్యూ మొత్తం.

మల్లవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని, అమ్మా అబ్బా అని మూలుగుతూ, మెట్లు టకటకా దిగి ఆటో దగ్గరకు వెళ్ళిపోయింది. నేను శారద చెయ్యి పట్టుకుని, "లోపల ఏం చెప్పిందే?" అని చెవిలో అడిగాను. చిన్నప్పటి నుంచి నా దగ్గర ఏదీ దాచుకోని పిల్ల.

"ఎవరికీ చెప్పొద్దంది, అక్కా," అని తర్వాతి వాళ్ళను పిలిచింది.